డబ్బా దూరే సందు

"ఆ దిండు తీసెయ్యి తల్లీ!"

వెనకనుంచి ఎవరో పెద్దాయన అనేసరికి ఆమె ఉలిక్కిపడింది.

ఆమెకు నెలలు నిండాయి. వారం రోజులుగా మెలకువకీ నిద్రకీ మధ్యనే తిరుగుతోంది. ఈ తొట్టెల కొట్టులో అడుగుపెట్టాక ఆ మత్తు ఇంకాస్త ఎక్కువైంది.

తెల్లటి తెరలు, మెత్తటి వెలుతురు, వరసగా బుల్లి పరుపులు. అన్నిటి మధ్యలో ఆ తొట్టె. చీటీ మీద 'వెన్నెల' అని పేరు.

సన్నటి ఊచలు, వంపు తిరిగిన అంచులు. ఒక పక్క తెరిచి అమ్మ మంచానికి ఆనించి కట్టుకోవచ్చు. పడుకునే చెయ్యి చాపితే పాప అందుతుంది. లోపల మబ్బుతునకలాంటి దిండు.

ఆమె ఆ దిండు మీద చెయ్యి వేసి, మనసులో అప్పుడే పాపని జోకొడుతోంది.

"పసిగుడ్డుకి దిండెందుకు? మొహమ్మీద పడితే తీసుకోగలదా?" పెద్దాయన దిండు తీసి పక్కన పెట్టేశాడు.

ఆయన చేతిలో పాత పౌడరు డబ్బా ఉంది. ఒక్కో తొట్టె దగ్గరా ఆగి ఊచల మధ్య దాన్ని దూర్చి చూస్తున్నాడు. దూరకపోతే తొట్టెని మెల్లగా తడుతున్నాడు. దూరితే తల అడ్డంగా ఊపి ముందుకెళుతున్నాడు.

"పిచ్చాయనలా ఉన్నాడు, నువ్విటు రా," అన్నాడు ఆమె భర్త.

భర్త టైలరు. కొట్టుకొచ్చినా మెడలో టేపు తియ్యని రకం.

"ఈ వెన్నెల మాత్రం వద్దు బాబూ. సందులు మరీ వెడల్పు, పసిబిడ్డ జారి ఇరుక్కుపోతుంది," అన్నాడు పెద్దాయన.

"అన్నిటికీ డబ్బా పెట్టి చూశారు. దీనికి పెట్టకుండానే చెప్పేస్తున్నారే?" అన్నాడు టైలరు.

"దీనికి పెట్టక్కర్లేదు."

"పక్కవీధి కొట్టువాళ్ళు పంపారా మిమ్మల్ని?"

పెద్దాయన నొచ్చుకోలేదు.

"మీ మంచం ఎత్తెంత బాబూ? తొట్టె దానికి సమంగా రావాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు."

టైలరు చెయ్యి మెడలోని టేపు మీదికి పోయింది. ఊళ్ళో సగం మంది కొలతలు కళ్ళు మూసుకుని చెప్పే మనిషికి సొంత మంచం ఎత్తు తెలీదు!

ఆమె ఫక్కున నవ్వింది.

ఆ నవ్వే కొంప ముంచింది. టైలరుకి రోషం పొడుచుకొచ్చి మేనేజరుని కేకేశాడు.

"మళ్ళీ వచ్చావా? నీతో పెద్ద తలనొప్పైపోయింది. నడు బయటికి!" అన్నాడు మేనేజరు.

పెద్దాయన గుమ్మం దాకా వెళ్ళి, ఏమనుకున్నాడో వెనక్కొచ్చి డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది దూరే సందున్న చోట పాపని పడుకోబెట్టకు తల్లీ. అంతే."

రంగు వెలిసి, బొమ్మ చెరిగిపోయిన డబ్బా. చూడ్డానికి చిన్నదేగానీ బరువుగా ఉంది. ఎప్పటిదో తియ్యటి వాసన.

"భలే బహుమతి!" అని నవ్వాడు టైలరు.

వెన్నెలనే ఇంటికి పంపమన్నారు.

పాప పుట్టింది. ఐదో రోజున ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నమే తొట్టె బిగించడానికి కార్ఖానా నుంచి మేస్త్రి వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి. చప్పుడు చెయ్యకుండా మరలు బిగించి, బెల్టులతో తొట్టెని మంచానికి కట్టాడు.

కిటికీ తెర ఊగుతుంటే నేలమీద ఎండ అటూ ఇటూ కదులుతోంది. పాప ఆవలించింది. ఆ ఆవలింత చూసి ఆమెకీ కళ్ళు మూతలు పడ్డాయి.

"ఇంక పడుకోబెట్టచ్చు," అన్నాడు మేస్త్రి.

టైలరు పాపని రెండు చేతుల్లో పట్టుకుని తొట్టె మీదికి వంగాడు.

"ఆగండి," అంది ఆమె. ఎందుకందో ఆమెకే తెలీదు.

మంచం మీద పడుకునే, పక్కనున్న డబ్బా తీసి, చెయ్యి చాపి అవతలి ఊచల మధ్య పెట్టింది.

దూరింది.

నేలమీద టంగుమని పడి తొట్టె కిందికి దొర్లింది.

టైలరు పాపని ఆమెకిచ్చి మెడలోని టేపు లాగాడు. ఊచల మధ్య కొలిచాడు. తొట్టెకీ మంచానికీ మధ్య కొలిచాడు. అక్కడా తన చెయ్యి దూరేంత ఖాళీ.

ఇరవై ఏళ్ళుగా టేపు పట్టిన మనిషి అదే చోట మళ్ళీ కొలిచాడు. పాప వంక చూడ్డానికే భయమేసింది.

డబ్బా కోసం తొట్టె కింద దూరిన మేస్త్రి దాన్ని పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు.

"ఇది మీకెక్కడిదండీ?"

"కొట్టులో ఒక పెద్దాయన ఇచ్చారు."

"ఇచ్చారా! ఎవర్నీ ముట్టుకోనివ్వరే! ఆయన మా గురువుగారండీ. నాకు పని నేర్పిన మనిషి."

"ఎక్కడుంటారు? నా నోటి దురుసుతో బయటికి పంపించేశాను. వెళ్ళి క్షమించమని అడుగుతాను," అన్నాడు టైలరు.

"ఇల్లంటూ ఉంటే చెప్పనా? తొట్టెలమ్మే కొట్టు ఎక్కడుంటే అక్కడ కనిపిస్తారు. మర్నాటికి ఉండరు."

మేస్త్రి తలెత్తలేదు.

"ఈ వెన్నెల గీసింది ఆయనేనండీ. తర్వాత ఆయన పని మానేశారు. కార్ఖానా మాత్రం ఇది చెయ్యడం మానలేదు. నేనూ బిగించడం మానలేదు."

"ఎవరి కోసం గీశారు?" పాపని గుండెకి హత్తుకుని అడిగింది ఆమె.

"మనవరాలి కోసం. ఇరవై రెండేళ్ళయింది. మొదటి తొట్టె ఆ పాపదే. ఈ డబ్బా కూడా ఆ పాప కోసం కొన్నదే."

"అయితే ఇప్పుడు ఆ అమ్మాయి నా అంత ఉంటుంది కదూ?" కలలోంచి అడిగినట్టు అడిగింది.

మేస్త్రి డబ్బా మూత తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఇరవై రెండేళ్ళనాటి డబ్బా, ఇంకా నిండుగానే ఉంది.