మూడో కుర్చీ

“పేషెంటు తాలూకు వాళ్ళు బయట కూర్చోవాలమ్మా,” అన్నాడు చిన్న డాక్టరు.

“నేనూ క్లాసుకే వచ్చాను బాబూ,” అంటూ పెద్దావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

నర్సు నవ్వు ఆపుకుంది.

ఆసుపత్రిలో వైద్యం ఎక్కడ దారి తప్పుతోందో వెతికి సరిచేసే పరిశోధన నేర్పే క్లాసు అది. బల్లకి ముగ్గురు. ఒక డాక్టరు, ఒక నర్సు, మూడో కుర్చీలో రోగుల తరఫున ఒకరు. ఆ మూడో మనిషి దేనికో ఎవరికీ అర్థం కాలేదు. కూరలో కరివేపాకు అనుకుని ఊరుకున్నారు.

“ఇక్కడ విన్నది ఈ గడప దాటకూడదు,” అన్నాడు పాఠం చెప్పే పెద్దాయన. “తప్పు చేసిన మనిషిని పట్టుకోవడం పోలీసుల పని. ఆ తప్పుకి చోటిచ్చిన పద్ధతిని పట్టుకోవడం మన పని.”

నర్సు నమ్మింది. అంత కమ్మగా చెబితే ఎవరు నమ్మరు?

మంచాల మీంచి జారిపడే రోగుల గురించి ఆయన తెరమీద గీతలు, గ్రాఫులు చూపించాడు. పెద్దావిడ చెయ్యెత్తింది.

“పడినవాళ్ళు తర్వాత ఏమయ్యారండీ?”

“టీవీ సీరియల్ అనుకుంటోంది,” అని చిన్న డాక్టరు నర్సు చెవిలో గొణిగాడు.

నర్సుకి మాత్రం ఆవిడ నచ్చింది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తినేవాళ్ళు. వారం తిరక్కుండానే ‘పిన్నిగారు’ అయిపోయింది.

కొన్నాళ్ళకి ప్రతి బల్లా ఒక సమస్యని ఎంచుకోవాల్సి వచ్చింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టారు. నర్సు గొంతు తగ్గించింది.

“నిరుడు నా చేతిలో ఒక ప్రాణం పోయింది. కాలు విరిగి చేరిన కుర్రాడు. మందులో కలిపే నీళ్ళ సీసా అనుకుని పక్కనున్న పొటాషియం సీసా తీశాను. రెంటికీ ఒకటే సైజు, ఒకటే రంగు మూత. ఉండేదీ ఒకే ట్రేలో. ఇంజక్షన్ చేశానో లేదో గుండె ఆగిపోయింది. దానంతటదే ఆగిందని పైవాళ్ళు ఇంట్లోవాళ్ళకి చెప్పేశారు. నన్ను ఆ పూటే సెలవు మీద పంపేశారు. ఆ ఇంట్లోవాళ్ళ మొహాలు కూడా చూళ్ళేదు. ఆ సీసాలు మాత్రం ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.”

“ఇదే చేద్దాం సిస్టర్! బ్రహ్మాండమైన టాపిక్,” అన్నాడు చిన్న డాక్టరు.

పెద్దావిడ ఒక్కటే అడిగింది. “అప్పుడు ఆ అబ్బాయి పక్కన ఎవరైనా ఉన్నారా?”

“నేనే ఉన్నా పిన్నిగారూ. చెయ్యి పట్టుకునే ఉన్నా.”

ఆవిడ తల ఊపింది. పనుందని చెప్పి, క్లాసు అయిపోకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడే సూపరింటెండెంటు దగ్గర్నుంచి నర్సుకి పిలుపు.

“నిరుటి సంగతి క్లాసులో వాగావట. విచారణ వేస్తున్నాం. వాగినట్టు తేలిందా, ఉద్యోగం ఊడినట్టే.”

నర్సు ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తోంది.

“బయటివాళ్ళని నమ్మితే ఇంతే సిస్టర్,” అన్నాడు చిన్న డాక్టరు జాలిగా. “ఆవిడ మధ్యలో లేచి ఎందుకు వెళ్ళిందనుకున్నారు?”

ఇంకేం కావాలి? పెద్దావిడ మెట్ల దగ్గర ఎదురుపడగానే నర్సు విరుచుకుపడింది.

“నమ్మించి గొంతు కోశారు కదండీ! పిన్నీ పిన్నీ అని నెత్తిన పెట్టుకున్నందుకు నాకు బాగా బుద్ధొచ్చింది!”

“నేను చెప్పలేదమ్మా.”

“మీరు కాకపోతే గోడలు చెప్పాయా? మీకేం లెండి, ఇందులో మీరు పోగొట్టుకునేది ఏముంది!”

ఆవిడ దగ్గరికి వచ్చింది. భుజం మీద వెయ్యబోయిన చేతిని నర్సు విదిలించి కొట్టింది. ఆవిడ మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మళ్ళీ క్లాసుకి రాలేదు. పీడా పోయింది అనుకుంది నర్సు. అనుకున్నా కడుపుమంట చల్లారలేదు. నా అనుకున్న మనిషి చేసిన ద్రోహం అంత తొందరగా చల్లారదు.

వారం తర్వాత సూపరింటెండెంటు మళ్ళీ పిలిచాడు.

“బతికిపోయావు. సాక్ష్యం చాల్లేదు. చిన్న డాక్టరు మాట ఒక్కటే మిగిలింది.”

“చిన్న డాక్టరా?”

“మరి? ఆ సాయంత్రమే వచ్చి చెప్పాడు. ఆసుపత్రి మేలు కోరేవాడు.”

పక్కన నిలబడి ఓదార్చినవాడే గోతులు తవ్వాడు. ఆ కోపమంతా తీసుకెళ్ళి తను ఎవరి మీద కుమ్మరించింది!

“మరి... పెద్దావిడ?”

“పిలిచి అడిగాను. తనేమీ వినలేదని తెగేసి చెప్పింది. పోతూ పోతూ ఒక షరతు మాత్రం పెట్టింది. ఆ రెండు సీసాలూ ఒకే గదిలో ఉండకూడదట. ఉంటే మాట మారుస్తానంది. పొద్దున్నే మార్పించేశాను. ఏమీ విననావిడకి సీసాల గొడవ ఎలా తెలుసని నేనూ అడగలేదు.”

“ఆవిడ ఇల్లెక్కడ సార్? వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఏ ఊరో చెప్పలేదు.”

నర్సు కళ్ళు తుడుచుకుంది. “నేను అన్ని మాటలన్నా కూడా, నామీద అంత దయ ఎందుకు సార్ ఆవిడకి?”

సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

“అదే నాకూ అంతుపట్టడం లేదు. గుండె దానంతటదే ఆగిపోయిందని ఆ రోజు ఆవిడకి చెప్పింది నేనే. ఆ కుర్రాడు ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు.”