టర్బో చచ్చిందా, చంపిన్రా?

ఎల్లస్వామి పన్ను ఒకటి ఊడి గచ్చు మీద పడింది.

"చెప్పురా, ఎవనికి అమ్ముడువోయినవ్?" కిషోర్ జాకీ రాడ్డు మళ్లీ ఎత్తాడు.

"నాకేం తెల్వదన్నా. బండి దానంతట అదే ఆగింది."

రాడ్డు ఈసారి వీపు మీద పడింది. ఎల్లస్వామి షెడ్డు స్తంభాన్ని పట్టుకుని కిందికి జారిపోయాడు.

కిషోర్‌వి ఇసుక లారీలు. ఎల్లస్వామి అతని కారు డ్రైవర్. నిన్న మధ్యాహ్నం సీటు కింద వేటకొడవళ్లు పెట్టుకుని, మనుషుల్ని ఎక్కించుకుని కిషోర్ దుమ్ముగూడెం బయలుదేరాడు. లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకుంటున్న భీమయ్య అనే రైతును నరకడానికి. పాల్వంచ దాటి అడవిలోకి వచ్చాక కారు ఈల వేసినట్టు అరిచింది. వెనక పొగ చిమ్మింది. లాగడం మానేసింది. ఇంకో బండి పట్టుకుని వాళ్లు ఊరు చేరేసరికి భీమయ్య ఇంటికి తాళం. పెళ్లాం పిల్లలతో సహా ఎటో వెళ్లిపోయాడు.

పోయింది ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో. ఆ రోడ్డు మీద దాన్ని విప్పడం తెలిసిన మెకానిక్ తుల్సీరాం ఒక్కడే. కారును జీపుకు తాడుతో కట్టి అతని షెడ్డుకే లాక్కొచ్చారు. కొత్త టర్బో డబ్బా కూడా తెచ్చారు.

"కొత్తది తర్వాత," అన్నాడు కిషోర్. "ముందుగాల పాతది ఎందుకు పోయిందో చెప్పు మేస్త్రీ. దానంతట అది చచ్చిందా, ఎవడన్న చంపిండా? చంపినోడు ఉంటే ఇయ్యాలనే గోదాట్ల కలుపుత."

"అవ్ అన్నా. కారణం తెల్వకుండ కొత్తది పెడితే అది గూడ గిట్లనే పోతది," అన్నాడు తుల్సీరాం. కింద పడ్డవాడి వైపు చూడకుండానే చెయ్యి ఊపాడు. "వాణ్ని జర అవుతలికి గుంజుండ్రి. పానాలు ఆడ ఉన్నయ్."

గుంజారు. గచ్చు మీద నెత్తురు చార కట్టింది. తుల్సీరాం దాన్ని దాటి వెళ్లి పానాలు తెచ్చుకున్నాడు.

ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాడు. శుభ్రంగా ఉంది. లోపలికి దుమ్ము పోలేదు. టర్బో ఊడదీసి లోపలి చక్రాన్ని వేలితో తిప్పబోయాడు. కదల్లేదు. ఇరుసు మాడి నీలం రంగుకు తిరిగింది.

"ఆయిల్ అందలే. ఎండిపోయి పట్టేసింది."

"ఎందుకు అందలే?"

"ఆయిల్ పైపు చూడాలె."

కిషోర్ ఎల్లస్వామిని జుట్టు పట్టి కారు దాకా ఈడ్చుకొచ్చాడు. మెడ కింద కొడవలి పెట్టాడు. "చూడు బిడ్డా. నీ కండ్ల ముందర్నే తేల్తది."

చిటికెన వేలంత సన్నటి పైపు. తుల్సీరాం అందులోకి తీగ దూర్చాడు. మధ్యలో ఆగింది. బలంగా పొడిచాడు. నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది.

అందరూ వంగి చూశారు.

"ఎవడన్న కుక్కిండా?" కొడవలి ఇంకాస్త నొక్కుకుంది. ఎల్లస్వామి మెడ మీద ఎర్రటి గీత లేచింది.

తుల్సీరాం ముద్దను వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. డీజిల్ ట్రేలోకి విసిరికొట్టాడు. ఇంజన్‌లోంచి ఆయిల్ పుల్ల లాగి కిషోర్ కళ్ల ముందు పెట్టాడు. దాని చివర ఆయిల్ తారులా వేలాడుతోంది.

మరుక్షణం ఎల్లస్వామి చెంప పేలిపోయింది. రెండో చెంప కూడా. కొట్టింది తుల్సీరాం.

"ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందిరా? మాడి బొగ్గయి పైపుల గడ్డ కట్టింది! నీ అసుంటోనికి ఎడ్లబండి గూడ ఇయ్యొద్దు!" అంటూ డొక్కలో తన్నాడు. ఎల్లస్వామి మెలికలు తిరిగి నెత్తురు కక్కాడు.

కిషోర్ మెల్లగా కొడవలి దించాడు. "అంటే వీడు అమ్ముడువోలేదా?"

"గంత తెలివి ఏడ ఏడ్సిందన్నా వీనికి? ఉత్త సోమరిపోతు."

కిషోర్ నవ్వాడు. అతని మనుషులూ నవ్వారు. నవ్వుతూనే రాడ్డు అందుకుని ఎల్లస్వామి కుడిచేతి మీద దించాడు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డంతా వినపడింది.

"ఇగ జిందగీల స్టీరింగ్ పట్టవ్. మేస్త్రీ, కొత్తది బిగించి పెట్టు. మనిషిని పంపిస్త."

వాళ్ల జీపు మలుపు తిరిగి చెట్ల చాటుకు పోయేదాకా తుల్సీరాం వాకిట్లోనే నిలబడ్డాడు.

తర్వాత లోపలికి ఉరికి, ఎల్లస్వామి తలను ఒళ్లో పెట్టుకుని, చితికిన పెదాలకు నీళ్ల సీసా ఆనిస్తూ అన్నాడు: "ఆయిల్ పైపుల నల్ల పేస్టు జరంత పెట్టుమని చెప్తే, గంతగనం కూరినవేంది తమ్మీ!"