చివరి మంచం

"ఇవాళ కూడా ఖాళీ లేదమ్మా" అని నర్సు తలుపు దగ్గరగా వేసింది.

వడ్రంగి భార్య బెంచీ మీద కూలబడింది.

లోపల డయాలసిస్ గదిలో ఎవరి మంచం వాళ్ళకి ఖాయం. ఆమె భర్తకి ఊరవతల ఆసుపత్రిలో ఒక వారం దొరుకుతుంది, ఒక వారం దొరకదు. ఇక్కడ ఒక మంచం ఖాయమైతేనే మనిషి నిలబడతాడని డాక్టరు చెప్పేశాడు.

మంచం ఎలా ఖాళీ అవుతుందో ఆమెకు తెలియక కాదు. ఆ ఆలోచనని దగ్గరికి రానిచ్చేది కాదు, అంతే.

"నా కాళ్ళు చూశావా? వానలో వదిలేసిన తలుపుచెక్కలా ఉబ్బాయి. ఇక ఏ గుమ్మంలోనూ పట్టను" అన్నాడు పక్కనే కూర్చున్న భర్త. నవ్వబోయి ఆయాసపడ్డాడు.

బెంచీకి ఆ చివర పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్న పొడుగుచేతుల ఇస్త్రీ చొక్కా. నున్నగా దువ్విన తల. వీళ్ళొచ్చేసరికి ఉంటాడు, వెళ్ళేటప్పటికీ అక్కడే ఉంటాడు.

భర్తకి గుక్కెడు నీళ్ళు కూడా కొలిచే ఇవ్వాలన్నారు డాక్టర్లు. ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసి పెద్దాయనకి ఇచ్చింది. ఆయన గ్లాసుని రెండు అరచేతుల మధ్యా కాసేపు పట్టుకుని, తిరిగి ఆమెకే ఇచ్చాడు.

"ఎప్పుడూ ఇంతే! మా ఇంటి టీకి ఏం రోగమొచ్చింది బాబాయిగారూ?"

"నాకు వాసన చాలమ్మా. నువ్వు తాగు. పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేవు."

"ఇంతకీ మీరెవరి కోసం వస్తారు?"

"ఒక ముసలాడున్నాడు. మొండిఘటం. డాక్టర్లు చేతులెత్తేసినా పోనంటున్నాడు."

"మీ అన్నగారా?"

"అంతకంటే దగ్గర" అని నవ్వాడు. "దేవుణ్ణి నమ్ముకో తల్లీ. ఆయన మరిచిపోడు."

ఆ మాటతో ఆమెకు ఒళ్ళు మండింది.

"నమ్ముకునే ఉన్నానండీ! ఈయన ఒకరి జోలికి పోయినవాడు కాదు. తన చేత్తో చేసిన ఊయలలో ఇంకా మా బిడ్డని పడుకోబెట్టనేలేదు, అప్పుడే ఈ రోగం. ఇదేం న్యాయం?"

"నాకూ చాలాసార్లు న్యాయం కనపడలేదమ్మా" అన్నాడు పెద్దాయన. "అయినా అడగడం మానకు. తిట్టి అడుగు. ఆయన పడతాడు."

"మీకేం, ఎన్నయినా చెబుతారు. తెల్లచొక్కా వేసుకుని కాలక్షేపానికి కూర్చుంటారు. ఆ మంచం కోసం పడే బాధ మీకేం తెలుసు? వయసులో ఉన్నవాడు గుమ్మం బయట వాచిపోతుంటే, మీ ముసలాయన మంచం పట్టుకుని వేలాడుతున్నాడు. బతికింది చాలదా ఆయనకి?"

"ఏయ్!" అంటూ భర్త ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు.

పెద్దాయన కోప్పడలేదు. డయాలసిస్ గది తలుపుకేసి చూశాడు.

"చాలమ్మా" అన్నాడు. "నిజమే. చాలు."

కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏం చేస్తున్నారు?" అంది ఆమె, ఇంకా విసురు తగ్గకుండానే.

"నేనూ అడుగుతున్నాను. మీ ఆయనకి మంచం ఇమ్మని."

ఇంటికెళ్ళాక ఆమెకు అన్నం సయించలేదు. తండ్రిలాంటి మనిషిని ఎంత మాట అన్నాను! ఈసారి కనపడగానే క్షమించమని అడగాలి అనుకుంది.

మళ్ళీ వెళ్ళేసరికి బెంచీ ఖాళీగా ఉంది. అలిగారు కాబోలు అనుకుని, టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుంది.

తలుపు తెరుచుకుంది.

"రండమ్మా, మంచం వచ్చింది. ఇక ఇది మీదే" అంది నర్సు.

గది చివర, గోడ పక్కన మంచం. కొత్త దుప్పటి పరిచారు. భర్త పడుకున్నాడు. మిషను మొదలైంది. సన్నని గొట్టంలో రక్తం ఎర్రగా పాకుతుంటే ఆమె చేతులు జోడించింది. చాలా కాలానికి, కోపం లేకుండా.

అప్పుడు గుర్తొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఈ మంచం మీద ఉండే ఆయన..."

"నిన్న పోయారమ్మా. వీళ్ళందరిలోకీ ఆయనకే ముదిరిపోయింది. ఇక తన వంతేనని ఆయనకీ తెలుసు."

"అయ్యో!" అంది ఆమె. "మరి ఆయన కోసం వచ్చే బాబాయిగారు ఏరి? బయట బెంచీ మీద కూర్చుంటారు చూడండీ, పొడుగుచేతుల చొక్కా. మంచం దొరికిందని ఆయనకి చెప్పాలి."

నర్సు ఆమెకేసి అయోమయంగా చూసింది.

"ఆయన కోసం ఎవరూ వచ్చేవారు కాదమ్మా. మంచం సిద్ధమయ్యేదాకా, చేతుల మీది సూదుల పుండ్లు ఎవరికీ కనపడకుండా ఆ పొడుగుచేతుల చొక్కా వేసుకుని, ఆ బెంచీ మీద ఆయనొక్కరే కూర్చునేవారు."