అతుకుల బండి

"దీన్ని బండి అంటారా?" అంటూ ఇంజనీరు పికప్ చుట్టూ ఓసారి తిరిగి, బూటు కొనతో టైరును తన్నాడు.

"బండేనండి," అన్నాడు వెల్డరు.

"కాదు, అతుకుల బొంత. ఒక తలుపు నీలం, ఒక తలుపు తెలుపు. బానెట్టు ఏ బండిదో దేవుడికే తెలియాలి. ఆ రంగేమిటి, చీపురుతో పూసినట్టు?"

"బ్రష్షుతో నేనే వేశానండి. స్ప్రే చేయించే స్తోమత లేక," అంది వెల్డరు భార్య.

"చెప్పక్కర్లేదు. కనిపిస్తూనే ఉంది."

కొండ మీద నీళ్ల ట్యాంకు కడుతున్నారు. సిమెంటూ పైపులూ పైకి చేర్చడానికి నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే ఫోర్ వీల్ బండి కావాలి. ఈ ఏటవాలు మట్టిదారి ఎక్కి చూపిస్తే ఏడాది పాటు పని దొరుకుతుంది. ఎక్కకపోతే వెల్డరు మళ్లీ బావమరిది షెడ్డుకే పోయి, గేట్లు అతుక్కుంటూ వాడి దెప్పిపొడుపులు పడాలి. వాడి నోటి ముందు ఈ ఇంజనీరు నోరు ఏపాటిదిలే అని వెల్డరు ఓర్చుకున్నాడు. భార్యకి అంత ఓర్పు లేదు, అయినా పళ్లు బిగబట్టుకుంది.

ఇంజనీరుగారి చొక్కా నలగదు. పాతికేళ్ల సర్వీసులో చేతికి మట్టి అంటించుకున్న పాపాన పోలేదు. అయినా బండ్ల గురించి తనకంటే తెలిసినవాడు పుట్టలేదని ఆయన నమ్మకం. అలాంటి నమ్మకాలకి ఎంత చదువైనా అడ్డురాదు.

"తాళం ఇటివ్వు. నేనే నడిపి చూస్తా. మీ చేతికిస్తే ఏదో గారడీ చేస్తారు," అని సీట్లో కూర్చున్నాడు.

"సార్, ముందుగా ఒక చిన్న..." అనబోయాడు వెల్డరు.

"నాకు చెప్పొచ్చావా? ఇలాంటి డొక్కులు ఎన్ని నడిపి ఉంటానో నీకేం తెలుసు?"

ఫోర్ వీల్ రాడ్డు ఠక్కున లాగి, గేరు వేసి, యాక్సిలరేటరు తొక్కాడు. బండి పది గజాలు ఎక్కి ఆగిపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతూ, అక్కడ నిలబడ్డ మేస్త్రీ మొహాన బురద కొట్టాయి. ముందు చక్రాలు మాత్రం చోద్యం చూస్తూ ఊరుకున్నాయి.

ఇంజనీరు దిగాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశారా? ఫోర్ వీల్ అంతా మాటల్లోనే! ఇది కొండెక్కడమంటే దీపం కొండెక్కినట్టే."

కూలీలంతా నవ్వారు. హాజరు పట్టీ చేతిలో ఉన్నవాడు జోకు వేస్తే నవ్వక చస్తారా!

"గుమాస్తా, రాసుకో. బండి పనికిరాదు."

గుమాస్తా పెన్ను మూత తీశాడు. షెడ్డు ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్న బావమరిది అప్పుడే వెల్డరు కళ్లకి కట్టాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట," అంది భార్య, అందరికీ వినపడేలాగే.

"ఏమిటమ్మా గొణుగుతున్నావు?"

"గొణగలేదు సార్, పైకే అన్నాను. ఒక్క నిమిషం ఆగండి."

ఆమె బురదలో మోకాలు ఆనించి, ముందు చక్రం నడిబొడ్డున ఉన్న గుండ్రటి బిళ్లని పట్టుకుని తిప్పింది. అవతలి వైపు వెళ్లి రెండో చక్రానిదీ తిప్పింది. రెండూ టక్కుమన్నాయి.

"ఈ పాత బండ్లకి ముందు ఇవి చేత్తో తిప్పాలి సార్. తిప్పకుండా లోపల రాడ్డు ఎంత లాగినా ముందు చక్రాలకి బలం అందదు. మా ఆయన చెప్పబోయింది అదే. మీరు వినిపించుకుంటేగా!"

ఎక్కి కూర్చుని, తొందరపడకుండా పైదాకా నడిపి, ట్యాంకు చుట్టూ తిప్పుకుని మళ్లీ కిందికి తెచ్చి ఆపింది. ఈసారి కూలీలు ఎవరూ చెప్పకుండానే నవ్వారు.

ఇంజనీరు ఆ నవ్వులు విననట్టే నిలబడ్డాడు. "ఈ ఫోర్ వీల్ పార్టులు ఎక్కడ కొట్టేశారు?" అన్నాడు.

"దాని జోలికే పోలేదు సార్," అన్నాడు వెల్డరు. "తుప్పు తిన్న ఛాసిస్ అతికాను. పాత సామాన్ల కొట్లో దొరికిన తలుపులు బిగించాను. బ్రేకులు మార్చాను. ఫోర్ వీల్ మాత్రం కొన్నప్పుడే నిక్షేపంలా ఉంది."

"నిక్షేపంలా ఉన్న బండిని నీ మొహానికి ఎవడమ్మాడు?"

"సర్కారు వారి పాత ఇనుము వేలంలో పాడుకున్నాం సార్."

"పాత ఇనుమా! చెవుల్లో పూలు పెట్టకు. ఇది దొంగబండి. కాగితం చూపించు. లేదంటే బండి ఇక్కడుంటుంది, మీరిద్దరూ స్టేషన్లో ఉంటారు."

ఆమె డాష్‌బోర్డు సొరుగులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. ఇంజనీరు మడత పూర్తిగా విప్పకుండానే, నలుగురికీ వినపడాలని గొంతు పెంచి చదివాడు.

"'ఈ వాహనమును స్వయముగా నడిపి పరీక్షించడమైనది. ఫోర్ వీల్ పూర్తిగా చెడిపోయినది. బాగుచేయుట అసాధ్యము. పాత ఇనుము కింద వేలము వేయవచ్చును.'"

పగలబడి నవ్వాడు. "ఎవడయ్యా ఈ మహానుభావుడు? చక్రానికున్న బిళ్ల తిప్పడం కూడా రాదా వీడికి? ఇలాంటి గాడిదలకి జీతాలిచ్చి మేపుతున్నారు!"

"మడత మొత్తం విప్పండి సార్," అంది ఆమె.

విప్పాడు. నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

ఆమె గుమాస్తా దగ్గర పెన్నూ, పని ఒప్పందం కాగితమూ అడిగి తీసుకుని ఇంజనీరు ముందు పెట్టింది.

"ఆ కాగితం కింద పెట్టిన మీ సంతకమే, దీని మీద కూడా పెట్టండి సార్."