ఏ మందు పడింది

నుకుస్ ఊరి ఆసుపత్రిలో కొత్త క్షయ మందు మీద పరిశోధన ముగిసింది. సగంమంది రోగులకు కొత్తది, మిగతావాళ్లకు పాతది ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో డాక్టర్లకు కూడా ఇవాళే తెలిసింది. కొత్త మందు బాగా పనిచేసింది.

వరండాలో ముసలి ఒతెబయ్, డాక్టరమ్మ గులాయిమ్‌ను ఆపాడు. ఆ పరిశోధనలో చేరిన అతని కూతురు చలికాలంలోనే పోయింది.

“మా పిల్లకి ఏది పడింది తల్లీ?”

కొత్తదేనంటే ముసలాయన మనసు కుదుటపడుతుందనుకుంది గులాయిమ్. కానీ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“పాతదే తాతా. కొత్తది పడుంటే బతికేదేమో.”

ఒతెబయ్ ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు.

“ఈ మాట మా ముసల్దానికి నువ్వే వచ్చి చెప్పాలమ్మా,” అన్నాడు. “తను వద్దన్నా వినకుండా ఊరూపేరూ లేని కొత్త మందు మింగించి పిల్లని చంపేశానని నాతో మాట్లాడ్డం మానేసింది. ఇన్నాళ్లూ నేనూ అదే అనుకున్నా.”