రెండు మరకలు

"బాబా, ఇయ్యాల రెండు తావుల కారింది."

తిరుపతయ్య గొంతు నిజంగానే వణికింది. వాకిట్లో పాత పికప్ బండి నిలబడి ఉంది. ఇంజన్ కింద పరిచిన అట్ట మీద అరచేతంత నల్ల మరక. అది మూడు రోజులుగా చూస్తున్నదే. కొత్తది వెనక చక్రం పక్కన, సిమెంటు గచ్చు మీద మెరుస్తోంది.

మెకానిక్ బాబా స్కూటర్‌కు స్టాండు వేయడం కూడా మరిచి గోడకు ఆనించాడు. గోపాల్‌పేటలో పాతికేళ్లుగా పానా పట్టిన మనిషి. ఆయన చేతిలో బాగైన బండి మళ్లీ అదే రోగంతో షెడ్డుకు వచ్చింది లేదు. ఈ ముసలి బండి ఒక్కటే ఆయన పరువు తీస్తోంది. ఆదివారం ఇంజన్ మూత ప్యాకింగ్ మార్చాడు. సోమవారం కింద ఆయిల్ చాంబర్ విప్పి దాని ప్యాకింగూ మార్చాడు. నిన్న డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి, ఇక కారితే నా పేరు బాబానే కాదన్నాడు.

"పదింటికి నర్సింహులు వస్తడు," అన్నాడు తిరుపతయ్య.

నర్సింహులుది తిమ్మాజిపేట. బండి కొంటానని మాటిచ్చాడు గాని, కింద ఆయిల్ మరక కనబడితే వచ్చిన దారినే పోతానని ముందే చెప్పాడు.

"జర జల్ది చెయ్యి తమ్మీ," అంటూ బాలనాగమ్మ లోపలి నుంచి వచ్చింది. "స్టీరింగ్ తిప్పి తిప్పి ఈయన నడుం పోయింది. బండి పోతెనే ఈయన ఇంటిపట్టున ఉంటడు."

"నా నడుంకేమైంది? ఈమెకే మోకాళ్లు నొస్తున్నయ్ బాబా. ఇరవై ఏండ్ల సంది వారం వారం వనపర్తి అంగడికి నా పక్క సీట్ల కూసొని వచ్చింది. ఇగ చాలు."

"ఆఁ, చాలు," అంది బాలనాగమ్మ. ఇద్దరూ బండినే చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోలేదు.

బాబా బానెట్ ఎత్తాడు. నిన్న సాయంత్రం ఇంజన్‌ను డీజిల్‌తో కడిగి, ఆరాక, బాలనాగమ్మ దగ్గర డబ్బాడు ముగ్గుపిండి అడిగి తీసుకుని ఇంజన్ నిండా చల్లిపోయాడు. ఆయిల్ ఎక్కడ కారితే అక్కడ పిండి తడిసి నల్లబడుతుంది, దొంగ దొరికిపోతాడు. ఇప్పుడు టార్చి వేసి చూస్తే పిండి చల్లింది చల్లినట్టే తెల్లగా ఉంది. గేజీ లాగి చూశాడు. ఆయిల్ గీత దాకా నిండుగా ఉంది. కిందికి దూరి చూశాడు. చాంబర్ పొడిగా ఉంది.

బాబా దుమ్ము దులుపుకుని లేచి తిరుపతయ్య చేతులు చూశాడు. గోళ్ల సందుల్లో నలుపు. వాకిలి మూలన గోనెసంచి కింది నుంచి ఒక డబ్బా చెవి బయటికి కనబడుతోంది. కంచె కర్రలకు చెద పట్టకుండా పూయడానికని పోయిన నెల తిరుపతయ్య బాబా షెడ్డు నుంచే పట్టుకుపోయిన, వాడేసిన నల్లాయిల్ డబ్బా. బాబాకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నోరు తెరిచేలోగా గేటు ముందు మోటారుసైకిల్ ఆగింది.

నర్సింహులు దిగీ దిగగానే వంగి చూశాడు.

"ముందరిదొక్కటే అయితే ఎట్లనో సర్దుకుందును. వెనక ఇరుసు హౌసింగ్ గూడ కారుతుందాయె. ఏమంటవ్ బాబా, నువ్వే గద చేసింది?"

ఒక్క మాట చెబితే బాబా పేరు నిలబడుతుంది. అవతల తిరుపతయ్య మెల్లగా జరిగి గోనెసంచికి అడ్డంగా నిలబడ్డాడు.

"కింద కనవడ్తనే ఉన్నది గదన్నా. నన్నేమడుగుతవ్?" అన్నాడు బాబా.

నర్సింహులు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

"అయ్యో, పోయిండా," అంది బాలనాగమ్మ. "పోతే పోనీ. చాయ్ పెడ్త ఉండున్రి." మోకాళ్ల నొప్పి సంగతి మరిచి గబగబా లోపలికి నడిచింది.

బాబా తిరుపతయ్యను గోడ దగ్గరికి లాగాడు. "అన్నా, బండి కారుతలేదు. నువ్వే పోస్తున్నవ్."

"మెల్లగ. ఆమెకు ఇనవడ్తది." తిరుపతయ్య ముఖం ఎర్రబడింది. "ఆమె పక్కన లేకుంటే నాకు వనపర్తి తొవ్వే తెల్వదు బాబా. అమ్ముదామని ఆమెనే పట్టువట్టింది. కాదంటే, మోకాళ్లు నొస్తున్నా నన్ను ఇంకా తిప్పుతనంటున్నడని అనుకుంటది. ఏం జెయ్యాలె?"

"నా పరువు ఏం గావాలె?"

"బాబా పని బంగారమని ఊరంత చెప్త. గని జర ఆ వెనకది చూడు. నేను పోసింది ముందర అట్ట మీదనే. వెనకది నిజంగనే కారుతుంది, పరేషాన్ అయితుంది నాకు."

బాబా వెనక చక్రం పక్కన కూర్చున్నాడు. హౌసింగ్ పొడిగానే ఉంది. గచ్చు మీది మరక పసుపు రంగులో ఉంది. గోడ దాకా చీమలు బారు కట్టాయి. బండి ఆయిల్‌కు చీమలు పట్టడం ఆయన పాతికేళ్లలో చూడలేదు. వేలితో అద్ది వాసన చూశాడు.

వెనక గ్లాసుల చప్పుడైంది. బాలనాగమ్మ చాయ్ పట్టుకుని నిలబడి ఉంది. బాబా వేలిని చూసి, మొగుడిని చూసి, తల వంచుకుంది.

"ముగ్గుపిండి చల్లినవ్ గద తమ్మీ, ఇంజన్‌ది ఇయ్యాల తప్పక బాగైతదని భయమైంది. ఈయన నల్లాయిల్ డబ్బా ఎంత లెంకినా దొరకలే, ఇంట్లున్న పల్లీనూనె పోసిన."