కొన్నందుకు ధన్యవాదాలు

తిరుపాలమ్మ చీర సంచిని కౌంటరు మీద విసిరికొట్టింది.

"నమ్మి నీ అంగడికి వస్తే నా కొంప ముంచితివి కదప్పా లక్ష్మీపతీ."

గోరంట్ల బజారులో చీరల అంగడి పెట్టినప్పటి నుంచి లక్ష్మీపతికి ఇలాంటి బోణీ ఎప్పుడూ కాలేదు. "ఏమైందమ్మా? చీర రంగు పోయిందా?" అన్నాడు.

"చీరకేం రోగం? రోగమంతా నీ మెసేజికే. 'తిరుపాలమ్మ గారూ, మా అంగడిలో నెమలికంఠం పట్టుచీర కొన్నందుకు ధన్యవాదాలు' అని మా ఇంటాయన ఫోనుకు పంపితివి. ఆయప్పకు సదువు రాదు. రచ్చకట్ట కాడ నలుగురిలో చదివించుకున్నాడు."

"మర్యాదగానే రాసినాం కదమ్మా."

"మా అక్క పెట్టిందని చెప్పింటినప్పా నేను. కూలికి చెనిక్కాయలు ఒలిచి కూడబెట్టిన దుడ్లు నావే. అయినా కొన్నానంటే, బోరు మోటరు కాలిపోయి ఉండాది, నీకిప్పుడు పట్టుచీర కావాల్సొచ్చిందా అంటాడు. అక్క పెట్టిందంటే నోరెత్తడు. ఇప్పుడు ఊరందరి ముందరా దొంగదాన్నైతి."

ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు కొనుక్కున్న చీరల్లో సగం, మొగుళ్ళ లెక్కలో పుట్టింటివాళ్ళు పెట్టినవే. పుట్టింటి చీరను ఏ మొగుడూ నిలదీయడు మరి. ఆ సంగతి లక్ష్మీపతికి తెలియనిది కాదు. వానలు ఎగ్గొట్టిన ఏడు కూడా అతని అంగడి కళకళలాడిందంటే, ఈ మనిషి ఎవరి గుట్టూ బయటపెట్టడని ఆడవాళ్ళకున్న గురి ఒక్కటే కారణం. ఇన్నాళ్ళూ నోరు కుట్టుకుని కూర్చున్న అంగడికి ఇప్పుడు సెల్‌ఫోన్ నోరిచ్చింది.

"నంబరు నువ్వే చెప్తివి కదమ్మా," అన్నాడు నీరసంగా.

"నాకు తెలిసింది ఒగటే నంబరు, ఆయప్పది. అడిగితివి, చెప్తి. ఇంగ మా ఊరి ఆడోళ్ళు ఎవురూ నీ గడప తొక్కరు." చీర అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆమె అటు మెట్లు దిగుతుంటే ఇటు ఓబిలేష్ నవ్వుతూ ఎక్కి వచ్చాడు. అంగళ్ళ వాళ్ళకు ఈ మెసేజిల సర్వీసు అమ్మేది అతనే. పేరూ రంగూ కలిపి పంపితే కస్టమరు పొంగిపోతుందని చెప్పిన పెద్దమనిషీ అతనే.

"అన్నా, దసరాకు కొత్త ప్యాకేజి వచ్చిండాది."

"నీ ప్యాకేజిలో మన్ను పోయ. ఆపెయ్. ఈ పొద్దే అన్నీ ఆపెయ్."

జరిగింది విని ఓబిలేష్ తల గోక్కున్నాడు. "ఆపమంటే ఆపుతాలే అన్నా. కానీ వెనకబడిపోతావు. బస్టాండు కాడి జయరాం గూడా మొదలుపెట్టినాడు."

లక్ష్మీపతి కళ్ళు చిన్నవయ్యాయి. జయరాం అతనికి పోటీ అంగడివాడు. "జయరాంకు ఎవురు అమ్మినారు?"

ఓబిలేష్ చేతిలోని హెల్మెట్ తిప్పుతూ, "నేనే అన్నా," అన్నాడు.

"ఈ ఊర్లో నీకొక్కనికే అమ్ముతానన్నా అని ఒట్టేస్తివే. తమ్ముడూ అని పక్కన కూచోబెట్టుకుంటి. నా ఇంటి కూడు తింటివి." తిరుపాలమ్మ తిట్టినప్పుడు కూడా లక్ష్మీపతికి ఇంత బాధ కలగలేదు.

"నీ కస్టమర్లకు ఆయప్ప మెసేజి పోదన్నా. ఆయప్ప అంగట్లో కొన్నోళ్ళకే పోతాది. నా బిడ్డ మీద ఒట్టు."

"నీ ఒట్లు ఇంగ చాలు."

అంతలో లక్ష్మీపతి భార్య లక్ష్మీదేవి అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. ఎర్రంచు చిలకపచ్చ చీరలో నిండుగా ఉంది. మొన్న పుట్టింటికి, కుందుర్పికి పోయినప్పుడు వాళ్ళన్న పెట్టిన చీర. అంగట్లో ఎవరూ ముట్టుకోని చీరలన్నీ ఇంటికి పంపిస్తే, పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క మాట అనకుండా కట్టుకుంటున్న ఇల్లాలు. ఆమెను చూడగానే లక్ష్మీపతికి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"చూసినావా లక్ష్మీదేవీ, తమ్ముడనుకుంటే వీడు జయరాంకు గూడా మెసేజిలు అమ్మినాడు. నిన్ను తప్ప ఇంగ ఎవుర్ని నమ్మల్ల చెప్పు."

క్యారియరు గిన్నెలు విప్పుతున్న ఆమె చేయి ఆగింది. "జయరాం పంపుతాండాడా? ఎప్పుడు?"

"ఈ పొద్దే వదినా," అన్నాడు ఓబిలేష్. "ఈ సీజన్లో కొన్నోళ్ళకంతా ఒగేసారి పోతాండాయి."

"ఆడోళ్ళ ఫోన్లకేనా?"

"ఏ నంబరు చెప్పింటే ఆ నంబరుకు. మన పక్క ఆడోళ్ళకు సొంత ఫోనున్నా, అడిగితే నోటికొచ్చేది మొగుని నంబరే కదా."

లక్ష్మీదేవి చేయి కొంగుకు తుడుచుకుని మొగుడి ముందు చాపింది. "మీ ఫోను ఒగసారి ఇయ్యండి. మా అన్నకు చేయల్ల. నాదాంట్లో చార్జింగు ల్యాదు."

"చెయ్యి. అంత మంచి చీర పెట్టినాడు, నేను గూడా మాట్లాడతా," అంటూ లక్ష్మీపతి జేబులోంచి ఫోను తీశాడు. ఆమె చేతిలో పెట్టబోతుండగా అది టింగుమంది. అలవాటు కొద్దీ ఒకసారి చూశాడు.

'లక్ష్మీదేవి గారూ, మా జయరాం చీరల అంగడిలో ఎర్రంచు చిలకపచ్చ పట్టుచీర కొన్నందుకు ధన్యవాదాలు.'